మాస్కు లేకుండా శ్వాస సాయం: క్యూరాస్ సంగతి

మీ తమ్ముడికి కండరాల క్షీణత అనీ, బైపాప్ (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో లోపలికి పంపే యంత్రం) మాస్కు ఒత్తిడికి ముక్కు మీద పుండు పడిందనీ, మాస్కు లేని దారి ఉందా అనీ అడిగారు కదండీ. ఉంది. క్యూరాస్ అంటారు. ఛాతీ, పొట్ట మీద బిగించే గట్టి డొప్ప. పంపు అందులోంచి గాలి లాగగానే ఛాతీ పైకి లేస్తుంది, గాలి ముక్కులోంచి లోపలికి వెళ్తుంది. 1928లో బోస్టన్‌లో పోలియో సోకిన పాపకు వాడిన ఐరన్ లంగ్‌దీ (తల మాత్రం బయట ఉంచి ఒళ్లంతా లోపల పెట్టే పెద్ద పీపా లాంటి శ్వాస యంత్రం) ఇదే సూత్రం.

కానీ ఒక్కటి గట్టిగా చెప్తాను. నిద్రలో గొంతు మూసుకుపోకుండా బైపాప్ గాలి తెరిచి ఉంచుతుంది, క్యూరాస్ ఉంచదు. అందుకే స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష) లేకుండా మార్చకండి. వెన్ను వంకర ఉంటే డొప్ప అంచు సరిగా కూర్చోక గాలి లీకవుతుంది కూడా.

ముందు పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టరును) నేజల్ పిల్లోస్ గురించి, అంటే ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే మెత్తటి చిన్న మాస్కు గురించి అడగండి, వాటితో ముక్కు దూలం మీద ఒత్తిడే పడదు. అప్పటిదాకా బైపాప్ మాత్రం సొంతంగా ఆపకండి.