సి.డి.4 చీటీ రాసే ముందు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

ఏళ్ల తరబడి హెచ్.ఐ.వి. మందులు క్రమంగా వాడుతూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి సి.డి.4 పరీక్ష (రక్తంలోని రోగనిరోధక కణాల లెక్క) రాయమని అడుగుతుంటే కాదనలేకపోతున్నానని రాశావు. నేనూ చాలాకాలం అలాగే రాసిచ్చాను. ఒకే రోజు చేయించిన పరీక్షల్లో సి.డి.4 350 లేదా అంతకు మించి, వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ లెక్క) 1,000 లోపు ఉంటే, ఆపైన సి.డి.4 ఆపేయవచ్చని మన నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) మార్గదర్శకాలే చెబుతున్నాయి. మందు పనిచేస్తున్నదీ లేనిదీ తెలిపేది వైరల్ లోడ్. దాన్ని మొదట ఆరో నెలలో, తరువాత పన్నెండో నెలలో, అటుపైన ఏడాదికొకసారి చేయిస్తే సరిపోతుంది.

సి.డి.4 అంకె నిలకడైనది కాదు. జలుబు చేసినా, స్టెరాయిడ్ వాడినా, రక్తం తీసిన వేళ మారినా అది మారుతుంది. జ్వరం తగ్గిన వారంలోనే ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించుకున్న ఒక తాపీమేస్త్రి, 720 నుంచి 560కి పడిందని, తనకిక రోజులు దగ్గరపడ్డాయని బెంగపెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. వైరల్ లోడ్ ఎప్పటిలాగే అణిగి ఉంది, మందు మార్చవలసిన పనే లేదు. ఆయనకు మిగిలిందల్లా రెండు రోజుల కూలి నష్టం, నిద్రలేని రాత్రులు.

అందువల్ల చీటీ రాసే ముందు, ఫలితాన్ని బట్టి నా వైద్యం మారుతుందా అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో. ఉగాండా, జింబాబ్వేల్లో 3,316 మందితో జరిగి 2010లో లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చయిన డార్ట్ అధ్యయనంలోనూ, మందుల దుష్ప్రభావాల కోసం అందరికీ గడువు ప్రకారం చేసిన రక్తపరీక్షల వల్ల అదనపు మేలేమీ కనబడలేదు.

అలాగని అన్నీ మానేయమనడం లేదు. టెనోఫోవిర్ అనే హెచ్.ఐ.వి. మందు వాడేవారికి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. అయితే డోల్యుటెగ్రావిర్ అనే మరో హెచ్.ఐ.వి. మందు మొదలుపెట్టాక అది కొద్దిగా పెరిగి నిలిచిపోతే కిడ్నీ పాడైందని కంగారుపడకు, ఆ మందు క్రియాటినిన్ బయటికి పోయే దారిని కొంత అడ్డగిస్తుందంతే. మాత్రలు మానేసినవారు, గర్భిణులు, టి.బి. లక్షణాలున్నవారు, వైరల్ లోడ్ 1,000 దాటినవారు ఈ లెక్కలోకి రారు. వాళ్లకు అవసరమైన పరీక్షలన్నీ వెంటనే రాయి.

పరీక్ష వద్దన్నప్పుడు మాత్రం తొందరపడి పంపేయకు. డబ్బు మిగుల్చుకోవడానికి తమను పట్టించుకోవడం లేదని అనుకుంటారు. వైరల్ లోడ్ కాగితం చేతికిచ్చి, అంకె చూపించి, వచ్చే ఏడాది పరీక్ష తేదీని వాళ్ల పుస్తకంలో నీ చేత్తోనే రాసివ్వు.