డబ్బు కట్టే ముందు ఈ లిస్టు సరిచెయ్యి

అల్లుడూ,

కొత్త కంప్యూటర్ బిగించుకోవడానికి నువ్వు పంపిన లిస్టు చూశాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీవి రెండు డీడీఆర్4 ర్యాములు, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్, దాంతోపాటు ఉచితంగా వచ్చే, అన్నిటికీ కరెంటు అందించే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్. విడివిడిగా చూస్తే చాలావరకు మంచి సరుకే. ఒకచోట చేరిస్తే మాత్రం ఇది ఆన్ అయ్యే సంగతి తర్వాత, అసలు బిగించడమే కుదరదు.

7600 కూర్చునేది ఏఎం5 అనే సాకెట్లో (బోర్డు మీద ప్రాసెసర్ బిగించే చోటు). బీ550 ఏమో పాత ఏఎం4 సాకెట్ బోర్డు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, ఏఎం5లో బోర్డు మీద సాకెట్లోనే ఉంటాయి. కాబట్టి నీకు రెండే దారులు. బీ550 ఉంచుకుంటే ప్రాసెసర్ రైజెన్ 5 5600కి మార్చు, డీడీఆర్4 అలాగే ఉంటుంది. 7600 ఉంచుకుంటే బోర్డు బీ650, ర్యామ్ డీడీఆర్5 కావాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ కింద గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, బలవంతం చేస్తే స్లాటే విరుగుతుంది. డబ్బు సరిపోతే రెండో దారే పట్టు. ఏఎం5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఈ ప్రాసెసర్లు చేసే ఏఎండీ చెప్పింది. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకుంటే చాలు, బోర్డు ముట్టుకోనక్కర్లేదు.

ఇంకో మాట. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది. ఆటలకు పనికిరాదు గానీ, కార్డు పాడైనప్పుడు తెరమీద బొమ్మ రావడానికి అది చాలు. షాపువాడు వంద, రెండొందలు తగ్గిస్తానంటూ 7500ఎఫ్ అంటగట్టబోతే ఒప్పుకోకు, దాంట్లో ఆ గ్రాఫిక్స్ ఉండదు. ఎవరైనా దీని తర్వాత వచ్చిన 9600ఎక్స్ తీసుకోమంటే, పాత స్టాకు బీ650 బోర్డు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు, ముందు బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యాలి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ వెనక ఉన్న బోర్డయితే ఆ బెడద ఉండదు.

ర్యామ్ 16 జీబీవి రెండు తీసుకో, ఒకే ప్యాకెట్లో వచ్చినవి. 6000 వేగం, లేటెన్సీ (అడిగింది ఇవ్వడానికి పట్టే ఆలస్యం) 30 లేదా 36. "ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు" అనే ఆలోచన మానెయ్. ఏఎం5లో నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా పడిపోతుంది, ఒక్కోసారి బూట్ కూడా అవదు. బోర్డుకి నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే 6000 అని కొన్నది 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది, నీకు తెలియను కూడా తెలియదు.

ఇక ఆ ఉచిత ఎస్‌ఎంపీఎస్. నీ లిస్టులో నాకు నిజంగా భయం వేసింది దీన్ని చూసే. డబ్బా మీద 500 అని ఎవడైనా అచ్చు వేసుకోవచ్చు. పక్కన అంటించిన కాగితంలో 12 వోల్టుల గడి చూడు. అక్కడ 25 ఆంపియర్లని ఉంటే, 12 ఇంటూ 25, అంటే 300 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. నీ లెక్క చూద్దాం: 7600 మీద 65 అని రాసినా గట్టిగా పనిచేసేటప్పుడు 88 దాకా లాగుతుంది, 5060కి 145, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి ఇంకో 60. దాదాపు 300. పైగా కార్డు క్షణకాలం అంతకంటే ఎక్కువే లాగుతుంది. అప్పుడే ఆట మధ్యలో మిషను ఠక్కున ఆగిపోయేది. ఆ 12 వోల్టుల గడిలో 45 ఆంపియర్ల దాకా ఉన్న 550 వాట్లది తీసుకో, 650 అయితే కార్డు మార్చినా పనికొస్తుంది. "80 ప్లస్ బ్రాంజ్" అంటే కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందన్న గుర్తు, అంతే. అదొక్కటే చూసి కొనకు, వారంటీ ఐదేళ్లుందా అనీ చూడు.

ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కేబుల్, కార్డుకి వెళ్లే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. మొదటిది నాలుగు, నాలుగుగా విడిపోతుంది, రెండోది ఆరు, రెండుగా. మార్చి గుచ్చబోకు. ఊడదీసే కేబుళ్ల రకమైతే, వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ దీనికి వాడనే వాడకు. ఒకే కంపెనీదైనా సరే, లోపల వైర్ల వరస మారితే ఎస్‌ఎస్‌డీ దగ్గర్నుంచి అన్నీ కాలిపోతాయి.

మీ అద్దె ఇంట్లో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిగా కరెంటు క్యాబినెట్ రేకులోకి వస్తుంది, చెయ్యి తగిలితే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందని జనం మార్చేస్తుంటారు, తప్పు గోడలో ఉంటుంది. యూపీఎస్ కొంటే, 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సాధారణంగా 360. మానిటర్‌తో కలిపి నీ మిషను ఆ అంచుకే వస్తుంది. 1000 వీఏ తీసుకో.

క్యాబినెట్‌కి ముందు అద్దం వద్దు, జాలీ ఉన్నది చూడు. విజయవాడ ఎండాకాలంలో గదిలోనే 38 డిగ్రీలుంటే, ఫ్యాన్ లోపలికి లాగేది ఆ గాలినే. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. జాలీకి దుమ్ము పడుతుంది, నెలకోసారి తుడుచుకో. కొలతలు మూడు చూడాలి: బోర్డు సైజు (మైక్రో ఏటీఎక్స్ అయితే 244 మిల్లీమీటర్ల చదరం), కార్డు పొడవు, కూలర్ ఎత్తు. కార్డుకి క్యాబినెట్ కంపెనీ చెప్పిన పొడవులోంచి ముందు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు తీసేసి ఉందో కనుక్కో. 7600తో వచ్చే కూలర్ పొట్టిది, దానితో ఇబ్బంది లేదు. టవర్ కూలర్ కొంటే 155, 160 దాకా ఉంటుంది, సన్నటి క్యాబినెట్ మూత పడదు.

5060 సరే. కానీ దాంట్లో మెమరీ 8 జీబీయే ఉంది. ధరలు దగ్గరగా ఉంటే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ కార్డు అడుగు. ఎస్‌ఎస్‌డీ ఎం.2 (బోర్డు మీదే గుచ్చే సన్నటి ఆకారం) అని ఉన్నంత మాత్రాన వేగమైన ఎన్‌వీఎంఈ కాదు, నెమ్మదైన పాత సాటా రకమూ అదే ఆకారంలో వస్తుంది. కొత్త బోర్డుల్లో చాలావాటికి ఆ సాటా రకం పనిచెయ్యదు.

సికింద్రాబాద్ కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కొంటే రెండు మూడు షాపులు తిరుగు, బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరూ రాయించుకో. చేతిబిల్లుతో వారంటీ దక్కదు.

బిగించేటప్పుడు ముందు బోర్డు డబ్బా మీదే పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్ పెట్టు. చిప్ మూల త్రికోణం గుర్తు, సాకెట్ మూల గుర్తు కలవాలి. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత, లివర్ వేస్తుంటే అదే ఎగిరి వస్తుంది. దాన్ని దాచు, వారంటీకి బోర్డు పంపేటప్పుడు అడుగుతారు. కూలర్ మరలు నాలుగూ ఐమూలగా కొంచెం కొంచెం బిగించు. ఒక మూల పూర్తిగా బిగిస్తే ఇంకో మూల లేచిపోతుంది. అక్కడే మానిటర్ బోర్డుకే కలిపి ఆన్ చేసి చూడు. మొదటిసారి డీడీఆర్5 ర్యామ్ తనను తాను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీది ర్యామ్ లైటు వెలుగుతుంది. కంగారుపడి ఆఫ్ చెయ్యకు. పావుగంటయినా బొమ్మ రాకపోతే ఒక ర్యామ్ తీసి చూడు.

క్యాబినెట్లో బోర్డు కింద దాన్ని ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు కన్నాలున్న చోటే ఉండాలి. ఎక్కువ ఉన్నది ఒక్కటైనా వెనక టంకాలకి తగిలి షార్ట్ అవుతుంది. అంతా బిగించాక మానిటర్ కేబుల్ కార్డుకి గుచ్చు, బోర్డుకి కాదు. మార్చిన లిస్టు పంపు, బోర్డు పేరు చివరి అక్షరాలతో సహా పూర్తిగా రాయి. చూసి చెప్పాక డబ్బు కట్టు.

మామయ్య