బండి తనంతట తానే పరుగు తీస్తుంటే

కడప

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అక్కయ్య ఫోను చేసి నీ మోటార్‌సైకిల్ సంగతంతా చెప్పింది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ అరుస్తూనే ఉంటోందట. మొన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే, మలుపులో ఎవరో వెనక నుంచి తోసినట్టు బండి ముందుకు దూకిందట. నువ్వేమో మెకానిక్ చేత ఒక స్క్రూ తిప్పించుకుని, ఇక పరవాలేదనుకున్నావట. ఆ స్క్రూతో పోయే జబ్బు కాదిది.

ముందు ప్రాణం సంగతి చూద్దాం. బండి మళ్లీ అలా దూకితే వెంటనే క్లచ్ పూర్తిగా నొక్కెయ్. ఇంజిన్ ఎంత అరిచినా ఆ బలం చక్రానికి చేరదు. అరుపు విని భయపడి క్లచ్ వదిలేసేవాళ్లే ఎక్కువ. అలా వదలకు. ఇంజిన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు, కాలు విరిగితే అంత తేలిక కాదు. రెండు బ్రేకులూ కలిపి నొక్కుతూ ఎడమ పక్కకు తీసుకుని ఇంజిన్ ఆపు. హ్యాండిల్ మీద ఎర్ర కిల్ స్విచ్ ఉంటే పని సులువు. నీ బండిలాంటి వంద సీసీ పాత బండ్లలో చాలావాటికి అది ఉండదు కాబట్టి తాళమే తిప్పాలి. కంగారులో తాళాన్ని ఆఫ్ దాటించి లాక్ వైపు తిప్పావంటే హ్యాండిల్ బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. రాత్రిపూట తాళం తిప్పితే దీపం కూడా ఆరిపోతుంది, అదీ గుర్తుంచుకో. ఇంటి ముందు బండి నిలబెట్టి, చూడకుండానే చెయ్యి తాళం దగ్గరకు వెళ్లేలా అలవాటు చేసుకో. అమ్మాయి స్కూటర్‌కు క్లచ్ పిడి లేదు కనుక ఆమెకు బ్రేకులు, స్విచ్ తప్ప వేరే దారి లేదు. ఆమెకూ ఈ మాట చెప్పు.

బండి బాగయ్యేదాకా ఘాట్ ముఖం చూడవద్దు. దిగుడులో మనం యాక్సిలరేటర్ మూసేసి గేరులో వస్తుంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. నీ బండిలో ఇప్పుడు ఆ పట్టు లేదు సరికదా, ఎదురు తోస్తోంది. ముందూ వెనకా లారీలు ఉండే ఆ మలుపుల్లో ఒక్క బ్రేకులనే నమ్ముకోవడం మంచిది కాదు. అత్తగారింటికి బస్సులో వెళ్లు. గువ్వలచెరువు పాలకోవా బస్సు దిగి కూడా కొనుక్కోవచ్చు.

ఇక ఆ స్క్రూ కథ. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపేది కార్బురేటర్. దాని లోపల ఆ దారిని తెరిచి మూసేది స్లైడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ స్లైడు ఎంత కిందికి దిగి ఆగాలో నిర్ణయించడమే స్క్రూ పని. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిన్ వేగం, నిమిషానికి సుమారు 1400 చుట్ల దగ్గర ఉండేలా దాన్ని ఒకసారి పెట్టుకుంటే చాలు. యాక్సిలరేటర్ గ్రిప్పు నుంచి వచ్చే కేబుల్ స్లైడును పైకి లాగి పట్టుకున్నా, గాలి మరో దారిన లోపలికి దూరుతున్నా ఆ స్క్రూ ఏమీ చేయలేదు. నిజానికి అదే మనకు మంచి పరీక్ష. స్క్రూ బాగా వదులు చేసినా ఇంజిన్ వేగం తగ్గలేదంటే తప్పు స్క్రూలో లేదని తేలిపోయినట్టే. మొన్న నీ మెకానిక్ దానితో కొంత తగ్గించగలిగాడు, ఇప్పుడేమో తెల్లవారి బండి స్టార్ట్ చేయగానే ఆగిపోతోంది. రోగం అలాగే ఉంది, పైన ఇంకో రోగం వచ్చి చేరింది.

పానా పట్టకముందే, బండి ఎప్పుడు రేజ్ అవుతోందో గమనించి ఒక కాగితం మీద రాసిపెట్టు. హ్యాండిల్ తిప్పినప్పుడా? ఎంత తిప్పి వదిలామో అక్కడే నిలిచిపోతోందా? వదిలాక కిందికి దిగుతోంది కానీ తీరిగ్గా దిగుతోందా? చల్లగా ఉన్నప్పుడు బాగుండి, పది కిలోమీటర్లు పోయాక మొదలవుతోందా? సగం జవాబు అక్కడే ఉంటుంది. మెకానిక్ దగ్గరకు వెళ్లి ‘బండి రేజ్ అవుతోంది’ అని ఊరుకుంటే అతని చెయ్యి ముందుగా స్క్రూ మీదికే పోతుంది. అతన్ని తప్పుపట్టలేం, వెనక ఇంకో నాలుగు బండ్లు నిలబడి ఉంటాయి.

మొదటి పరీక్ష ఇంజిన్ ఆపి చేయాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదులు. ‘టప్’ మని వెనక్కి కొట్టుకోవాలి. హ్యాండిల్ నేరుగా ఉంచి ఒకసారి, ఎడమకు చివరిదాకా తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి. ఎక్కడైనా నింపాదిగా జారుతూ వస్తే సగం దొంగ దొరికినట్టే. తర్వాత గ్రిప్పును వేళ్లతో మెల్లగా కదిపి చూడు. కేబుల్ బిగుసుకునే లోపు రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల దాకా ఖాళీగా ఆడాలి. అసలు ఆడకపోతే కేబుల్ ఎప్పుడూ లాగుతూనే ఉందన్నమాట. చివరగా న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పు. శబ్దం మారకూడదు. మారితే ఇక కార్బురేటర్ జోలికి పోనక్కర్లేదు, కేబుల్ దారి చూడు.

ఆ దారిలో ఏముంటాయో చెబుతాను. నువ్వు ఫోను పెట్టుకోవడానికి హ్యాండిల్‌కు బిగించిన స్టాండు ఉంది కదా, దాని క్లాంపు కింద కేబుల్ నలిగి ఉంటుందేమో చూడు. ట్యాంకుకు వేయించిన రెగ్జిన్ కవరు అంచు కేబుల్‌ను నొక్కుతుందేమో చూడు. ట్యాంకు దించి మళ్లీ బిగించేటప్పుడు కేబుల్ ఫ్రేముకూ ట్యాంకుకూ మధ్య ఇరుక్కోవడమూ మామూలే. బండి ఎప్పుడైనా కుడి పక్కకు పడి ఉంటే హ్యాండిల్ చివరి బరువు వంగి గ్రిప్పును రాసుకుంటుంది. అందం కోసం వేయించుకున్న స్పాంజి గ్రిప్పు కాస్త పొడుగైనా ఇదే గొడవ. ఇవన్నీ డబ్బు ఖర్చు లేని మరమ్మతులు, అందుకే ముందు వీటిని చూడమంటున్నాను.

ఇవేవీ కాకపోతే గ్రిప్పు పక్క డబ్బా విప్పి కేబుల్ కొసను వెలుతురులో చూడు. తీగ సన్నని పోగులతో పేనినదై ఉంటుంది. వాటిలో ఒకటి తెగినా ముల్లులా పైకి లేచి లోపలి గొట్టంలో గుచ్చుకుంటుంది. నువ్వు వదిలినా తీగ వెనక్కి పోదు. నీది ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పని. ఆ తెల్లటి రాతి పొడి సున్నపురాయిది, పిండి కన్నా మెత్తగా ఉంటుంది. దానికి నూనె తగిలితే ముద్దకట్టి కేబుల్‌ను పట్టేస్తుంది. అందుకే మీ ప్రాంతంలో కేబుల్‌కు ఊరికే ఆయిల్ పోసుకుంటూ పోవడం నాకు నచ్చదు. గ్రీజు అయితే అసలే వద్దు. పోగు లేచిన కేబుల్‌ను కత్తిరించి సర్దే ప్రయత్నాలు మానేసి కొత్తది వేయించు. దాని ఖరీదు నీ ఒక్క ట్యాంకు పెట్రోలు అంత కూడా ఉండదు. రెండు కొసల్లోని రబ్బరు టోపీలు మాత్రం మళ్లీ పెట్టించు, చాలామంది వాటిని పారేస్తారు.

కేబుల్ బాగుంటే అప్పుడు కార్బురేటర్. పై మూత విప్పి స్లైడు బయటికి తీయించు. దాని ఒంటి మీద గీతలు, అరిగిన మరకలు ఉన్నాయేమో, స్ప్రింగు బలంగా ఉందో లేదో చూడు. ఎయిర్ ఫిల్టర్ చిరిగి ఉంటే ఆ రాతి పొడి నేరుగా ఇక్కడికే వచ్చి స్లైడు పక్కన చేరుతుంది. పికప్ పెరుగుతుందని ఫిల్టర్ తీసేసి నడిపే కుర్రవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో మాట. స్లైడుకు ఒక పక్క నిలువు గాడి ఉంటుంది, అది లోపలి చిన్న పిన్ను మీద కూర్చోవాలి. గాడి కలవకుండా బలవంతంగా మూత బిగిస్తే స్లైడు పైనే నిలిచిపోయి, స్టార్ట్ చేసిన మరుక్షణం ఇంజిన్ ఆకాశానికి ఎగురుతుంది. కాబట్టి కార్బురేటర్ విప్పి బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బండి న్యూట్రల్‌లో ఉండాలి, చెయ్యి తాళం మీద ఉండాలి.

అక్కయ్య చెప్పిన దాన్నిబట్టి నాకు మరో అనుమానం ఉంది. ఎండలో దూరం నడిపాకే ఎక్కువవుతోందని అంది కదా, అది నిజమైతే గాలి దొంగదారి వెతకాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బురేటర్ ఆ లెక్కన కలుపుతుంటే, దానికీ ఇంజిన్‌కూ మధ్య అతుకులో సందు పడి అదనపు గాలి చొరబడుతుంది. మిశ్రమం పలచబడి ఇంజిన్ వేగం వెంటనే దిగదు. కార్బురేటర్ వెనక నల్లటి ఫైబర్ ముక్క, దానిలో ఓ రింగు ఉంటాయి. కొన్ని బండ్లలో రబ్బరు గొట్టమే ఉంటుంది. మన కడప ఎండల్లో ఏళ్ల తరబడి నిలబడిన బండికి ఆ రబ్బరు ఎండి పెళుసెక్కుతుంది. పాత బండ్ల రబ్బరుకు ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా అంతగా పడదు. ఐడ్లింగ్‌లో ఉండగా ఆ అతుకు మీద కాసిని నీటి చుక్కలు వెయ్యి. ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం మారితే సందు అక్కడే. పెట్రోలుతోనో, స్ప్రేలతోనో ఈ పరీక్ష చేసేవాళ్లున్నారు, వేడి ఇంజిన్ దగ్గర అది నిప్పుతో చెలగాటం. రబ్బరు కొత్తది వేసి, రెండు బోల్టులనూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకటే బిగదీస్తే అంచు వంగి మళ్లీ గాలి పీలుస్తుంది.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి లాగే చోక్ మీట తిరిగి మూసుకుంటోందో లేదో కూడా చూసుకో. ఇంజిన్ అరుస్తున్నా బండి వేగం పెరగకపోతే అది క్లచ్ ప్లేట్ల సంగతి, దీనికీ దానికీ సంబంధం లేదు. నీది ముందుకు దూకింది కనుక అది కాదు.

అమ్మాయి స్కూటర్ బండ్ల పొగ మీద బీఎస్-6 నియమాలు వచ్చాక కొన్నది, అంటే 2020 ఏప్రిల్ తర్వాతది. అందులో కార్బురేటర్ ఉండదు, పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. దానికి ఎప్పుడైనా ఇలాంటిది వస్తే కేబుల్ వరకు మీరే చూసుకోండి. ఆ తర్వాత గాలి లోపలికి వెళ్లే థ్రాటిల్ బాడీ, సెన్సర్లు చూడాల్సింది బండిలోని తప్పులు చదివే స్కానర్ ఉన్న చోటే. మీటరులో ఇంజిన్ బొమ్మ దీపం వెలుగుతుంటే ఫోటో తీసి ఉంచు.

ఆదివారం కడపకు వచ్చేటట్టయితే బండిని ఆటో ట్రాలీలో వేయించుకుని రా, నడుపుకుంటూ రావద్దు. ఏడు రోడ్ల కూడలి దగ్గర విడిభాగాల దుకాణాలు పొద్దున తీస్తారో లేదో శనివారమే కనుక్కుంటాను. కేబుల్ ముందే విప్పేస్తే పాతది పారేయకు. పక్కన పెట్టి పొడవు కొలిచి కొనాలి. పొట్టిదైతే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా మళ్లీ ఇదే పేచీ.

ఇట్లు,
మామయ్య