చార్జర్లు విప్పే అబ్బాయిని మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఫిజిక్స్ సూత్రాలన్నీ నోటికి వచ్చు కానీ లెక్కను కాస్త తిప్పి ఇస్తే ఆగిపోతాడు. ఖాళీ దొరికితే పాత రేడియోలు, ఫోన్ చార్జర్లు విప్పుతుంటాడు. మాన్పించాలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మాన్పించకండి. చార్జర్లు మాత్రం ఈ రోజే పక్కన పెట్టించండి. ఇంటి కరెంటును మనం 230 వోల్టులు అనేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే ఒక రకం సగటు. దాన్ని రూట్ 2తో గుణించమనండి, 325 వస్తుంది, అదే గరిష్ఠ వోల్టేజి. చార్జర్ లోపలి కెపాసిటర్ (చార్జ్‌ను నిల్వ చేసే భాగం) దాదాపు అంతవరకూ చార్జ్ అవుతుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు అలాగే ఉండిపోవచ్చు. ఈ లెక్క తనే చేస్తే మీరెందుకు వద్దంటున్నారో అర్థమవుతుంది.

బదులుగా 9 వోల్టుల బ్యాటరీ, మామూలు మల్టీమీటర్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ల (25 వోల్టుల) కెపాసిటర్ కొనివ్వండి. కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు కాలు బ్యాటరీ మైనస్‌కే కలపాలి. రెసిస్టర్ ద్వారా చార్జ్ చేస్తూ పది సెకన్లకోసారి కెపాసిటర్ వోల్టేజి రాసుకోమనండి. అయితే మీటర్ చూడకముందే తన అంచనా కాగితం మీద పెట్టాలి. అసలు పని అక్కడే ఉంది. వోల్టేజి సమానంగా పెరుగుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. సూత్రం ప్రకారం 10 సెకన్లకు 5.7, 20కి 7.8, 30కి 8.6 వోల్టులు రావాలి. పెరుగుదల ఎందుకు మందగించింది? రెసిస్టర్‌లో కరెంటును నడిపేది బ్యాటరీకీ కెపాసిటర్‌కీ మధ్య ఉన్న తేడా. కెపాసిటర్ నిండేకొద్దీ ఆ తేడాయే తరిగిపోతోంది. ఇది తన మాటల్లో చెప్పగలిగితే వేడి టీ చల్లారడం, రేడియోధార్మిక విఘటనం కూడా ఇదే దారిలో నడుస్తాయని పట్టుకోగలడు. లెక్కను తిప్పి ఇచ్చినా ఆగిపోడు.

మీటర్‌లో అంకెలు సరిగ్గా ఇవే రావు. ఇలాంటి కెపాసిటర్ల విలువ 20 శాతం వరకు అటూ ఇటూ ఉంటుంది. అప్పుడు తప్పు చేశావని అనకండి, తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకమనండి. నన్నడిగితే ఆ వెతుకులాట పది మోడల్ పేపర్ల కంటే విలువైనది.

అలాగని ప్రాక్టీస్ తగ్గించకూడదు. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 3 గంటలే, అందులో ఫిజిక్స్ 40. వేగం సాధనతోనే వస్తుంది కాబట్టి సర్క్యూట్లకు ఆదివారం ఓ గంట చాలు.

కోర్సు ఇప్పుడే తేల్చక్కర్లేదు. సర్క్యూట్ పనిచేయించడం మీద మక్కువ ఉంటే ఇంజినీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ (ఎలక్ట్రికల్) చూడండి. ఎందుకలా జరిగిందన్న ప్రశ్నే వదలకపోతే తిరుపతి ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) లాంటి చోట బీఎస్-ఎంఎస్ అనే ఉమ్మడి సైన్స్ డిగ్రీ ఉంది. దానికి ఐఏటీ అనే ఐసర్ ప్రవేశ పరీక్ష వేరుగా రాయాలి, దరఖాస్తు గడువు ముందే చూసుకోండి.