మంచు కరిగి తాళంచెవి విడుదలయ్యే స్వీయ బంధనం: ఏ బట్ట నిలుస్తుంది?

తనను తాను కట్టేసుకునేటప్పుడు, తాళంచెవికి కట్టిన తాడు కొసను మంచుగడ్డలో గడ్డకట్టించి, ఆ గడ్డను బట్ట సంచిలో వేలాడదీస్తారు; మంచు కరిగితే తాడు జారి తాళంచెవి చేతికొస్తుంది. ఆ సంచికి నిలిచేది పాలియెస్టర్ జాలీ. నీటిని దాదాపు పీల్చదు, తడిసినా బలం తగ్గదు, నీళ్లు ఎప్పటికప్పుడు కారిపోతాయి. నూలు తడిస్తే బలహీనపడదు కానీ, నీళ్లు పట్టి ఉబ్బుతుంది, ముడులు బిగుసుకుంటాయి; ఫ్రీజర్‌లో పెడితే మంచుకు అతుక్కుంటుంది. నైలాన్ మేజోడు బరువుకి సాగి కిందికి వేలాడుతుంది, లెక్క తప్పుతుంది.

తాళంచెవి కట్టిన తాడు కూడా నున్నటి పాలియెస్టర్‌దే కావాలి. మంచులో గడ్డకట్టించే కొసకు ముడి వేయకండి: ఎక్కువగా చెడేది ఇక్కడే, మంచు కరిగినా ముడి జాలీ కన్నంలో చిక్కుకుంటుంది. కత్తిరించిన అంచును నిప్పుసెగతో కరిగించి మూస్తే పోగులు లేవవు.

బట్ట ఎంత మందమైతే మంచు అంత నెమ్మదిగా కరుగుతుంది, ఫ్యాను వేస్తే త్వరగా. అందుకే అదే గదిలో, అదే సంచితో, బంధనం లేకుండా కనీసం 3 సార్లు గడియారం పెట్టి చూడండి.

మంచు ఒక్కదాన్నే నమ్మడం మూర్ఖత్వం. చేతికందేలా రెండో తాళంచెవి, మొద్దు కొసల కత్తెర, ఫోను ఉండాలి. విషయం తెలిసిన మనిషి పిలిస్తే వచ్చేంత దగ్గర్లో ఉండాలి. మెడకు ఏదీ కట్టొద్దు. వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే విప్పుకోండి.