నాన్న కారు తుక్కుకు ఇచ్చే ముందు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

బావ మారుతి 800ని వదిలించుకుందామని అక్కయ్యతో అన్నావట. పాత ఇనుము కొనేవాడెవడో వచ్చి, కాగితాలేవీ అక్కర్లేదు, డబ్బు చేతిలో పెట్టి బండి తీసుకెళ్తానన్నాడట. కాగితం అడగనివాడికి బండి ఇవ్వకు. వాడు ఎంత ఎక్కువిస్తానన్నా సరే.

పదిహేనేళ్లు దాటాయి కదా, తుక్కు చేయక తప్పదేమో అని అక్కయ్య టెన్షన్ పడుతోంది. మన దగ్గర అలాంటి రూలేం లేదు. బండి ఫిట్‌గా ఉంటే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవచ్చు. కాకపోతే మీది 2004 మోడల్. ఇరవై ఏళ్లు దాటిన కారుకి ఆ ఫీజు 2025లో 10,000 రూపాయలు చేశారు. పైగా వేపచెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడి ఫ్లోర్ అంతా తుప్పు పట్టింది, మ్యాట్ ఎత్తితే నేల కనిపిస్తోంది. దానిమీద ఇక డబ్బు పెట్టడం దండగ.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగి పెద్దయినవాణ్ణి. బండి విప్పడంలో మనవాళ్ల పనితనానికి వంక పెట్టలేం. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్, డోర్లు, ఏదీ పారేయరు, ఇంకో బండికి ఎక్కుతాయి. ఇనుము ఫర్నేస్‌కి పోయి మళ్లీ కడ్డీ అవుతుంది. గొడవంతా డబ్బు రానివాటితోనే. దొంగచాటు షెడ్లలో ఇంజన్ కింద బోల్టు విప్పి నల్లటి ఆయిల్‌ని మట్టిలోకే వదిలేస్తారు. బ్యాటరీని గొడ్డలితో పగలగొట్టి సీసం తీసుకుని, యాసిడ్ కాలవలో పోస్తారు. ఏసీ పైపు కోస్తే గ్యాస్ బుస్సుమని పోతుంది. ఆ ఆర్134ఏ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. సైలెన్సర్ మాత్రం భద్రంగా దాచుకుంటారులే, పొగను శుభ్రం చేసే దాని కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి మరి!

అందుకే రిజిస్టరైన తుక్కు కేంద్రానికే ఇవ్వు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం నడిచేవి ఇవి. అక్కడ ముందు ఆయిల్, కూలెంట్, గ్యాస్ వేరుగా తీసి, ఆ తర్వాతే బండి కోయాలి. మీకు దగ్గర్లో ఏది ఉందో ప్రభుత్వ రవాణా వెబ్‌సైట్ వాహన్‌లో చూడు. ధర తూకం మీద కడతారు. ఆ కారు మొత్తం సుమారు 650 కిలోలే, కాబట్టి పెద్ద ఆశలు పెట్టుకోకు. రెండు మూడు చోట్ల రేటు అడుగు, బండి లాక్కెళ్లే ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకో.

ఆర్‌సీ ఇంకా బావ పేరు మీదే ఉంది కదా. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితం, అక్కయ్య సంతకం సిద్ధం చేసుకో. బ్యాంకు లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకుకు తాకట్టులో ఉందన్న మాట, కొట్టేశారో లేదో చూడు. చాలామంది ఆగిపోయేది అక్కడే. పాత చలానాలుంటే కట్టెయ్.

బండి అప్పగించగానే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, అంటే బండి ముట్టినట్టు పత్రం, ఇస్తారు. కొత్త కారు కొన్నప్పుడు అది చూపిస్తే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. సొంత కార్లకు రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్ర ప్రభుత్వం చెప్పింది, ఎంతిస్తారన్నది మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది తర్వాత వచ్చే స్క్రాపింగ్ సర్టిఫికెట్. ఆర్‌సీ రద్దయిందని వాహన్‌లో కనిపించేదాకా ఆ తుక్కు కేంద్రం వాళ్లని వదలకు. ఆ ఇనుము వ్యాపారికి ఇచ్చి ఉంటే, మన ఛాసిస్ నంబరు ఏ దొంగ బండికి ఎక్కినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ బతికుంటే మూయించు. స్టెప్నీ, జాకీ తీసి దాచకు, బండితోపాటే ఇచ్చెయ్. డ్యాష్‌బోర్డు అర మాత్రం అక్కయ్యని ఒకసారి చూడమను.

ఉంటాను,
మీ మామయ్య