శ్లాబు కారుతోంది.. వాటర్‌ప్రూఫింగ్‌కు ఏడాదే గ్యారంటీ అంటున్నాడు బిల్డర్

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో పై అంతస్తు ఫ్లాటు మాది. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉన్న ప్రాజెక్టే. 62 లక్షలకు కొన్నాం. స్వాధీనం చేసి నాలుగేళ్ళ నాలుగు నెలలైంది. రెండేళ్ళుగా వాన పడితే చాలు, బెడ్‌రూమ్ సీలింగు చెమ్మెక్కుతోంది. పోయినేడు బిల్డర్ మనిషిని పంపి డాబా మీద ఏదో తెల్ల కెమికల్ పూయించాడు. ఈసారి పెచ్చులూడి మంచం మీద పడ్డాయి. అడిగితే, "అగ్రిమెంట్లో వాటర్‌ప్రూఫింగ్‌కు ఏడాదే గ్యారంటీ, ఇక మీ అసోసియేషన్ చూసుకోవాలి" అంటున్నాడు. సెక్రటరీ ఏమో, "కారేది మీ ఇంట్లో కదా, ఖర్చు మీదే" అంటున్నారు. కాంట్రాక్టరు 3.80 లక్షలు అడిగాడు. ముందు పని చేయించేసి, తర్వాత ఆ డబ్బు కోసం కేసు వేయమంటున్నాడు మా తమ్ముడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు, మీ తమ్ముడి సలహా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. పాత పొర చెక్కేసి కొత్తది వేయించాక, పాతదాంట్లో తప్పు ఉందని చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. కొన్నేళ్ళ కిందట ఒకాయన నా ఆఫీసుకు ప్లాస్టిక్ కవర్లో పెచ్చులు పట్టుకొచ్చారు. అరచేతి మందం ఉంది ఒక్కొక్కటి, వెనకవైపు ఊచ తుప్పు గుర్తు కూడా కనిపిస్తోంది. కానీ అవి ఎప్పుడు రాలాయో, ఏ గదిలోవో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అప్పటికే డాబా అంతా కొత్త టైల్స్ పరిచేశారు. అవతలి లాయర్ అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఈ పెచ్చులు ఈ ఇంటివేనని ఎలా నమ్మమంటారు?" మాకు జవాబు లేకపోయింది.

ఇక గ్యారంటీ మాట. రెరా చట్టం (2016) సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం బయటపడి, దాన్ని మీరు బిల్డర్ దృష్టికి తెస్తే, ఆయన పైసా తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. అగ్రిమెంట్లో ఏడాది అని రాసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన ఐదేళ్ళు తగ్గవు. "రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి మాకు సంబంధం లేదు" అనే మాట కూడా చెల్లదు. సేల్ డీడ్ అయ్యాక కూడా ఈ బాధ్యత కొనసాగుతుందని సెక్షన్ 11(4)లోనే రాసి ఉంది. మీ ఫ్లాటు బిల్డర్ వాటాలోదా, స్థలం ఇచ్చిన ఓనర్ వాటాలోదా అన్నది కూడా డాక్యుమెంట్లో చూసుకోండి. కట్టినవారు ఒకరు, అమ్మినవారు ఒకరు అయితే ఇద్దరినీ ప్రమోటర్లుగానే చట్టం చూస్తుంది. నోటీసు ఇద్దరికీ పంపాలి.

సెక్రటరీ గారి వాదన నాకు కొత్తేం కాదు. ప్రతి వానాకాలం ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాను. పై ఫ్లోరు వాళ్ళ నెత్తిన ఉంది కాబట్టి డాబా వాళ్ళదే అనుకుంటారు. అదే డాబా మీద బట్టలారేసుకోవడానికి, పతంగులు ఎగరేయడానికి మాత్రం అందరిదీ! రెరా చట్టం సెక్షన్ 2(ఎన్) టెర్రస్‌ను ఉమ్మడి ప్రాంతంగానే లెక్క వేసింది. బిల్డర్ బాధ్యత కాలం తీరాక కూడా డాబా మరమ్మతు అందరి ఖర్చే, మీ ఒక్కరిదీ కాదు. అలాగని కోపంతో మెయింటెనెన్స్ కట్టడం ఆపకండి. రేపు బాకీదారు మీరే అవుతారు.

ఇప్పుడు అసలు పని. మీ కేసు గెలిచేదీ ఓడేదీ డాబా మీదే. లైసెన్స్ ఉన్న సివిల్ లేదా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి పరీక్ష చేయించండి. వాటర్‌ప్రూఫింగ్ అమ్మే కంపెనీ మనిషి ఉచితంగా చూసి రాసిచ్చే కాగితం దీనికి పనికిరాదు. ఆయన రాసేది కొటేషనే. ఇంజనీరు వచ్చేది వాన ఆగిన అరగంటకైతే మరీ మంచిది. నీళ్ళు ఎక్కడ నిలిచాయో అప్పుడే తెలుస్తుంది. నిలిచిన మడుగు అంచు వెంబడి సుద్దముక్కతో గీత గీయించి ఫొటో తీయండి. నీళ్ళు ఔట్‌లెట్ వైపు పారాలంటే మీటరుకు కనీసం సెంటీమీటరు వాలు ఉండాలి. వాలు లేక నీళ్ళు నడిమధ్యలో నిలుస్తుంటే అది కట్టేటప్పుడు జరిగిన తప్పు. ఔట్‌లెట్లో ఆకులు అడ్డుపడి నిలుస్తుంటే అది ఊడ్చని వాళ్ళ తప్పు. బిల్డర్ రెండోదే అంటాడు కాబట్టి, ముందు ఔట్‌లెట్ శుభ్రం చేయించి, తర్వాత కూడా నీళ్ళు నిలుస్తున్నాయని ఫొటోలో చూపాలి.

పిట్టగోడ, శ్లాబు కలిసే మూల చూడమనండి. అక్కడ సిమెంటుతో గుండ్రంగా తిప్పి, వాటర్‌ప్రూఫ్ పొరను గోడ మీదికి కొంత ఎత్తు వరకు ఎక్కించాలి. హడావిడిగా చేసిన పనుల్లో పొర అక్కడే ఆగిపోతుంది, నీళ్ళు ఆ సందులోంచే దిగుతాయి. వాన నీటి పైపు శ్లాబులోకి దిగేచోట చుట్టూ చీలిక ఉందేమో, టైల్స్ మీద కర్రతో కొడితే ఎక్కడ డొల్లగా మోగుతోందో, సిమెంటు పట్టీలు ఎక్కడ లేచిపోయాయో కూడా చూడాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి నీళ్ళు కారుతున్నాయేమో కూడా తేల్చాలి. వాన లేని రోజుల్లోనూ సీలింగు తడిగా ఉంటే అనుమానం ట్యాంకు మీదికే పోతుంది. పోయినేడు పూసిన తెల్ల కెమికల్ బీటలు వారి ఉంటే దాన్నీ ఫొటో తీయించండి. లోపం ఉందని బిల్డర్ ఒప్పుకుని మనిషిని పంపాడనడానికి అది మీకు ఋజువు.

మరీ ముఖ్యంగా, డాబాకు ఎవరైనా డ్రిల్లు పెట్టారా? డిష్ యాంటెనా, సోలార్ హీటర్ కాళ్ళు, సెల్ కంపెనీ పరికరం, పందిరి స్తంభం.. వీటికి బోల్టు బిగించినచోట పొర చిల్లు పడుతుంది. బిల్డర్ల తరఫున నేను వాదించిన రోజుల్లో మొదట వెతికింది ఆ బోల్టులనే. మీ బెడ్‌రూమ్‌కు సరిగ్గా పైన అలాంటిది లేకపోతే ఆ సంగతి రిపోర్టులో ఉండాలి. ఉంటే దాచకండి, అవతలివాళ్ళు ఎలాగూ చూపిస్తారు.

కింద గదిలో గోధుమరంగు చెమ్మ వలయాలు, గోడల మీద తేలిన తెల్లటి ఉప్పు, ఊచల వెంబడి సాగిన తుప్పు గీతలు విడివిడిగా నమోదు చేయించండి. ఊచ బయటపడితే అది వట్టి పెచ్చుల సమస్య కాదు, శ్లాబు బలానికి సంబంధించింది. ఆ గదిలో పడుకోవడం మానేయండి. మరీ అత్యవసరమైతే పైన టార్పాలిన్ కప్పించుకోండి, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కుదిరితే డాబా మీద 24 నుంచి 48 గంటలు నీళ్ళు నిలబెట్టి, కింద చెమ్మ ఎక్కడ దిగుతోందో చూసే పరీక్ష కూడా చేయించండి. ఊచలు తేలినచోట మాత్రం ఇంజనీరు సరేనంటేనే. పరీక్ష తేదీ, సమయం చెబుతూ బిల్డర్‌కు ముందే కబురు పంపండి. వస్తే మంచిది, రాకపోతే పిలిచినా రాలేదని మీ దగ్గర కాగితం ఉంటుంది.

రిపోర్టులో ఒక్క వాక్యం మాత్రం తప్పకూడదు: చెమ్మకు కారణం నిర్మాణ సమయంలోని లోపమా, తర్వాతి నిర్వహణ లోపమా, ఎందుకు అలా అంటున్నారు. ఆ వాక్యం లేని రిపోర్టు 20 పేజీలున్నా వాదించలేను. ఖర్చు అంచనా పద్దులవారీగా ఉండాలి. ఫొటోలు, వీడియోలు తీసిన ఫోను అమ్మేయకండి, ఒరిజినల్స్ చెరపకండి. ఇలాంటి డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాల్సి రావచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక నోటీసు. అగ్రిమెంట్లోని చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ ఋజువు తీసి పెట్టుకోండి. ఈమెయిల్ కూడా చేయండి. వాట్సాప్ అదనంగా ఉంటే ఉండనీయండి, దాని మీదే ఆధారపడకండి. స్వాధీనం తేదీ, మొదట చెమ్మ కనిపించిన తేదీ, పోయినేడు చేసిన అతుకు పని, సెక్షన్ 14(3), 30 రోజుల గడువు.. ఇంతే రాయండి. తిట్లు వద్దు. మీకు ఐదేళ్ళు నిండటానికి ఎనిమిది నెలలే ఉంది, నోటీసు ఈ నెలలోనే వెళ్ళాలి.

30 రోజులు దాటినా కదలకపోతే తెలంగాణ రెరాలో ఫిర్యాదు వేయండి. మరమ్మతు చేయించమని అడగడం అథారిటీ దగ్గర, నష్టపరిహారం అడగడం అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (పరిహారం ఎంతో తేల్చే అధికారి) దగ్గర. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. రెరా ఉంది కదా అని ఆ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో చెప్పింది. అయితే అక్కడ లెక్కలోకి వచ్చేది మీరు ఫ్లాటుకు చెల్లించిన 62 లక్షలు. రిపేరు ఖర్చు నాలుగు లక్షల లోపే అయినా జిల్లా కమిషన్ కాకుండా రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. పైగా అక్కడ కాలపరిమితి రెండేళ్ళు. మీకు చెమ్మ మొదలై రెండేళ్ళంటున్నారు, అవతలివాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు కానీ, ఆ టెన్షన్ మీకెందుకు? నేనైతే రెరాకే వెళ్తాను.

అసోసియేషన్ కూడా ఫిర్యాదులో కలిస్తే బలం. సెక్రటరీ గారికి ఒక ఉత్తరం రాయండి: డాబా ఉమ్మడిది, ఇంజనీరు ఫలానా తేదీన వస్తున్నారు, తాళం ఇవ్వండి అని. ఉత్తరం నకలు మీద సంతకం తీసుకోండి. తాళం ఇవ్వనంటే ఆ మాట కూడా రాసివ్వమనండి. రాసివ్వడానికి ఎవరూ ఇష్టపడరు, తాళం ఇచ్చేస్తారు.